రెండు దేశముల పొత్తు: బ్రహ్మోస్ సంస్థ నుండి పంచాయతీలు నేర్వదగిన పాఠము

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని మన పల్లెలలో నొక సామెత కలదు. ఇద్దరు కలిసి కొన్న గొర్రెను మేపవలసినది నీవనగా నీవని ఇద్దరును విడిచిపెట్టుదురు. అది జబ్బు పడినపుడు మందునకు డబ్బు పెట్టవలసిన వాడెవడను వాదు బయలుదేరును. ఆ వాదు తేలకముందే గొర్రె చచ్చును. నష్టము మాత్రము ఇద్దరికిని సమానముగానే వచ్చును. ఉమ్మడి బావికి పెట్టిన మోటారు, నాలుగు వీథుల వారు కలిసి కట్టుకొన్న సావడి, సంఘము పేర కొన్న యంత్రము ఎట్లు పాడగునో పంచాయతీ సభ్యులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సామెతకు లొంగని పొత్తు ఒకటి మన కాలములో కనబడుచున్నది. అది ఇద్దరు రైతుల పొత్తు కాదు. రెండు పెద్ద దేశముల పొత్తు. భారతదేశమును, రష్యాయును కలిసి క్షిపణులను తయారుచేయుటకు 1998వ సంవత్సరమున ఒడంబడిక చేసికొని బ్రహ్మోస్ అను సంస్థను నడుపుచున్నవి. పాతికేండ్లు దాటినను ఆ పొత్తు చెడలేదు. దానికి కారణములేమి? ఆ కారణములలో మన పంచాయతీలకు పనికివచ్చునవి యేవి? ఈ పాఠములో మనము ఆలోచించవలసినది ఇదియే.

ఈ విషయము పరవాడ ప్రాంతమువారికి దూరమైనది కాదు. పరవాడనుండి చూచిన యెడల ఒక వైపున సింహాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, ఒక వైపున ఔషధ పరిశ్రమల నగరము కనబడును. గాజువాక వైపు పోయిన ఉక్కు కర్మాగారము, దానికావల ఓడరేవు, తూర్పు నౌకాదళపు స్థావరము ఉన్నవి. మండలపు దక్షిణపు అంచున ముత్యాలమ్మపాలెము వంటి జాలరి గ్రామములు సముద్రము మీదనే జీవించుచున్నవి. దేశరక్షణయు, పెద్ద పరిశ్రమయు, పల్లెయు ఇంత దగ్గరగా నున్న ప్రాంతములు రాష్ట్రములో కొన్నియే కలవు.

క్షిపణి యననేమి?

క్షిపణులలో రెండు ముఖ్యమైన తెగలున్నవి. ఒడిసెలలో రాయి పెట్టి విసరినపుడు ఆ రాయి పైకి లేచి, వంపు తిరిగి, దూరమున పడును. విసరిన తరువాత దానిని నడుపు శక్తి వేరే లేదు; మొదట నిచ్చిన ఊపే దానిని గమ్యమునకు చేర్చవలెను. మన అగ్ని క్షిపణి చాలవరకు ఈ తెగకు చెందినది. రెండవ తెగ క్షిపణి తుదివరకు ఇంజను నడుపుకొనుచు, గాలిలో విమానము వలె పోవును. దానికి చోదకుడుండడు, దారి చూపు యంత్రములు దానిలోనే యుండును. దీనినే క్రూయిజ్ క్షిపణి యందురు. బ్రహ్మోస్ ఈ తెగకు చెందినది.

సాధారణ క్రూయిజ్ క్షిపణులనేకము ధ్వనికంటె తక్కువ వేగముతో పోవును. బ్రహ్మోస్ వేగము ధ్వనివేగమునకు దాదాపు 2.8 రెట్లు; అనగా సెకనునకు ఇంచుమించుగ ఒక కిలోమీటరు. విశాఖపట్నమునుండి రాజమహేంద్రవరమునకు రోడ్డుమార్గమున సుమారు 190 కిలోమీటర్లు. బస్సులో నాలుగు గంటల ప్రయాణమగు ఆ దూరమును ఈ క్షిపణి నాలుగు నిమిషములలోపల దాటగలదు. వేగము మూడింతలైన, అంతే బరువు గల వస్తువు కొట్టు దెబ్బ మూడింతలు కాదు, తొమ్మిదింతలగును. ఎదుటివాడు చూచి అడ్డుకొనుటకు వ్యవధియు తగ్గును. ఓడపై ప్రయోగించినపుడు తుది భాగములో ఇది సముద్రపు నీటికి పది పదునైదు మీటర్ల ఎత్తున మాత్రమే పోగలదు.

దీని ఇంజను పనిచేయు విధము కమ్మరి కొలిమిని చూచినవారికి సులభముగా తెలియును. కొలిమిలో నిప్పు రాజుకొనవలెనన్న తిత్తితో గాలి కొట్టవలెను. బ్రహ్మోస్ రెండవ అంచెలోని రామ్‌జెట్ ఇంజనునకు తిత్తి లేదు, తిరుగు పంకా లేదు. క్షిపణి ముందునకు దూసుకొనిపోవు వేగమునకే గాలి ముక్కులోనికి చొచ్చుకొనివచ్చి నొక్కుకొనిపోవును. ఆ గాలిలో ద్రవ ఇంధనము మండును. అయితే నిలిచియున్న బండికి ఎదురుగాలి తగులదు గదా! అందువలన మొదట తారాజువ్వ వలె గట్టి ఇంధనముతో మండు మరియొక అంచె దానిని ధ్వనివేగమును దాటించి, తాను రాలిపోవును. ఆ మీదట రామ్‌జెట్ అందుకొనును. ఓడమీదనుండియు నేలమీదనుండియు ప్రయోగించు బ్రహ్మోస్ బరువు సుమారు మూడు టన్నులు. అది మోసికొనిపోవు ప్రేలుడు భాగము 200 నుండి 300 కిలోగ్రాములు.

మూడు మెట్లు

ఒక దేశము మరియొక దేశమునుండి యంత్రవిద్యను పొందు మార్గములు ముఖ్యముగా మూడు. వస్తువును కొనుట మొదటిది. వారి సహాయముతో మన నేలపై కట్టించుకొనుట రెండవది. వారితో కలిసి క్రొత్తవస్తువును తయారుచేయుట మూడవది. ఈ మూడింటిలో మొదటి రెండింటికి నిదర్శనములు విశాఖతీరమున కంటికెదురుగానే యున్నవి. మూడవదాని చరిత్రలోను విశాఖకు భాగమున్నది.

రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిని చూడనివారు అరుదు. అది సోవియట్ దేశములో తయారై, 1969 డిసెంబరులో రీగా రేవునందు మన నౌకాదళములో చేరి, 2001 వరకు సేవచేసినది. 1971వ సంవత్సరపు యుద్ధములో కరాచీ రేవుపై దాడిచేసిన మన చిన్నపడవలును, వాటిపై నుండిన క్షిపణులును అక్కడివే. ఆ దాడి జరిగిన డిసెంబరు 4వ తేదీనే నేటికిని నౌకాదళ దినముగా జరుపుకొనుచున్నాము. కొన్న వస్తువు ఆపదలో ఆదుకొనుననుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. కాని కొన్నవస్తువునకు మరయొకటి విరిగినను అమ్మినవాని గుమ్మమునకే పోవలెను. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినపుడు విడిభాగములకై మన సేనలు పడిన యిబ్బంది ఈ మొదటి మెట్టులోని లోపమును తేటపరచినది.

రెండవ మెట్టునకు ఉక్కు కర్మాగారమే ఉదాహరణము. 1971 జనవరిలో శ్రీమతి ఇందిరా గాంధి శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారమునకు 1979 జూన్ 12వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినది. నమూనాలకును సలహాలకును వారి నిపుణులు తోడ్పడిరి. ఇటుక పేర్చినవారు, ఇనుము బిగించినవారు, కొలిమి నడపినవారు మనవారు. అక్కడి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణా అని పేరులు పెట్టిరి. 1992 ఆగస్టు 1వ తేదీన శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. ఆ నాడు పనికి పోయిన పల్లెబిడ్డలు ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, క్రేను నడుపువారుగా తేలిరి. భూమినిచ్చి నిర్వాసితులైనవారి కుటుంబములలో ఆ విద్య చిక్కినవారును కలరు, చిక్కనివారును కలరు. ఈ భేదమును ముందు మరల చూతము.

మూడవ మెట్టు బ్రహ్మోస్.

ఇద్దరికిని అవసరమేమి?

ఒకరికి మాత్రమే అవసరమున్న చోట పొత్తు నిలువదు. 1990 తరువాతి దినములలో ఇరువురి పరిస్థితిని చూడుడు.

మన దేశమున 1983లో క్షిపణి నిర్మాణ కార్యక్రమము ప్రారంభమైనది. దానికి ముఖ్యస్థానము హైదరాబాదు. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ నాయకత్వమున అక్కడి శాస్త్రజ్ఞులు పృథ్వి, అగ్ని మున్నగువాటిని తీర్చిదిద్దిరి. దారి చూపు యంత్రములలోను, గణనయంత్రములకు లెక్కలు వ్రాయుటలోను మనవారు ఆరితేరిరి. 1991లో పశ్చిమాసియాలో జరిగిన యుద్ధమున క్రూయిజ్ క్షిపణుల శక్తిని ప్రపంచమంతయు చూచినది. ధ్వనిని మించిన వేగముగల అట్టి క్షిపణికి తగిన ఇంజను మాత్రము ఆనాడు మన యొద్ద లేదు.

రష్యాలో మాస్కో సమీపమున రియుటొవ్ పట్టణములో ఒక పేరుపొందిన క్షిపణి నిర్మాణ సంస్థ కలదు. వారు రామ్‌జెట్ విద్యలో అనుభవజ్ఞులు. ఓనిక్స్ అను క్షిపణిని చాలవరకు సిద్ధపరచియుండిరి. సోవియట్ యూనియన్ విడిపోవుటతో ధనము చాలక ఆ పని కుంటువడినది. వారి యొద్ద విద్య యున్నది, ధనము లేదు. మన యొద్ద కొంత విద్యయు, ధనమును, కొనవలసిన సేనలును ఉన్నవి. ఎద్దులున్న రైతును, అరకయున్న రైతును కలిసి దుక్కి దున్నినట్లు ఇరువురును కలిసిరి.

ఒడంబడికలోని ముఖ్యాంశములు

1998 ఫిబ్రవరి 12వ తేదీన మాస్కోలో ఒడంబడికపై సంతకములు జరిగినవి. మన పక్షమున డాక్టర్ కలామ్, రష్యా పక్షమున ఆ దేశపు రక్షణశాఖ ఉపమంత్రి మిఖైలొవ్ సంతకము చేసిరి. మన బ్రహ్మపుత్ర నది పేరును, వారి మాస్క్వా నది పేరును కలిపి బ్రహ్మోస్ అని పేరుపెట్టిరి. డాక్టర్ ఎ. శివథాను పిళ్ళై సంస్థకు తొలి అధిపతియైరి.

మూలధనము 25 కోట్ల డాలర్లుగా నిర్ణయించిరి. అందు భారతదేశపు వాటా 50.5 శాతము, రష్యా వాటా 49.5 శాతము. పంచాయతీ సభ్యులు ఈ సంఖ్యలను గమనింపవలెను. వాటాలు ఇంచుమించు సమానములు. కావున లాభములోను నష్టములోను ఇరువురికిని సమానమైన శ్రద్ధ యుండును. అయినను ఒక్క శాతము తేడా యుంచిరి. సంస్థ భారతదేశమున, భారతదేశపు చట్టముల క్రింద నమోదైనది. దాని కార్యాలయము ఢిల్లీలోనున్నది. ఇల్లు ఎవరిదో తెలియని పొత్తు కాదిది.

పనిని పంచుకొన్న విధము ఇంకను ముఖ్యమైనది. రామ్‌జెట్ ఇంజను, లక్ష్యమును వెదకు యంత్రము తొలుత రష్యావారి పాలు. దారి చూపు విధానము, గణనయంత్రములు, వాటికి వలయు లెక్కల కూర్పు, ప్రయోగవాహనములు మున్నగునవి మనపాలు. ఏ భాగము చెడిన ఎవరు బాధ్యులో కాగితముపై నుండెను. "నీవు మేపుదువని నేననుకొంటిని" అను మాటకు అక్కడ చోటు లేకపోయినది. ఉమ్మడి గొర్రె చావకుండుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము కొనువారు ముందే యుండుట. తయారైన క్షిపణిని మన నౌకాదళము, సైన్యము, వాయుసేన తీసికొనుటతో పని సంతలో వస్తువును పెట్టి గిరాకికై యెదురుచూచుటగా కాక, అవసరమునుబట్టి నడచినది.

పరీక్షలు

2001 జూన్ 12వ తేదీన ఒడిషా తీరమందలి చాందీపురములో తొలి పరీక్ష జరిగినది. ఒడంబడికనుండి తొలి ప్రయోగమునకు పట్టిన కాలము మూడేండ్లు, కొన్ని నెలలు.

ఓడమీదనుండి జరిపిన తొలి పరీక్షలు రాజ్‌పుత్ అను యుద్ధనౌకపై జరిగినవి. ఈ నౌక కథ విశాఖవారికి పరిచితమైనది. సోవియట్ దేశములో కట్టగా, 1980 మే 4వ తేదీన జార్జియాలోని పోతీ రేవున మన దళములో చేరినది. తరువాత తూర్పు నౌకాదళములో పెక్కేండ్లు పనిచేసి, 2021 మే 21వ తేదీన విశాఖపట్నపు నౌకాదళ డాక్‌యార్డులో విశ్రాంతి పొందినది. కొన్న ఓడపై, కలిసి చేసిన క్షిపణిని నిలిపి పరీక్షించిరి. మొదటి మెట్టును తన్నివేసి మూడవ మెట్టెక్కుట కుదరదు. దానిపై కాలుమోపియే పైకి పోవలెను.

తరువాత 2007లో సైన్యములోని తొలి దళమునకు ఈ క్షిపణులు చేరినవి. 2017 నవంబరు 22వ తేదీన సుఖోయ్ విమానమునుండి బంగాళాఖాతముపై ప్రయోగించిరి. ముంబయిలో మనవారే కట్టిన, మన నగరము పేరు ధరించిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం యుద్ధనౌక 2021 నవంబరు 21వ తేదీన దళములో చేరినది. దానిపై 16 బ్రహ్మోస్ క్షిపణులకు స్థానము కలదు. 2022 జనవరిలో ఆ నౌకనుండియు పరీక్ష జరిగినది.

వాటా పెరిగిన తీరు

మూలధనములో మన వాటా నేటికిని 50.5 శాతమే. కాని వస్తువులో మన వాటా మారినది. తొలినాళ్ళలో క్షిపణిలోని భాగములలో మన దేశమున తయారగునవి కొద్దిపాటివే. కాలక్రమమున అవి సగమును మించినవి. 2018 మార్చిలో మన శాస్త్రజ్ఞులు చేసిన లక్ష్యాన్వేషక యంత్రముతో పోఖ్రానులో పరీక్ష జరిగినది. 2020 సెప్టెంబరు 30వ తేదీన మన దేశమున చేసిన తొలి అంచె, మన దేశమున చేసిన దేహభాగములు గల క్షిపణిని చాందీపురమున ప్రయోగించిరి. తొలుత రష్యావారి పాలుగానున్నవి కొన్ని ఇట్లు మన చేతులకు వచ్చినవి.

క్షిపణి భాగములను కూర్చు కేంద్రము హైదరాబాదులో వెలసినది. 2007లో తిరువనంతపురమందలి ఒక ప్రభుత్వ కర్మాగారమును బ్రహ్మోస్ సంస్థ చేర్చుకొన్నది. 2025 మే 11వ తేదీన లక్నోలో క్రొత్త కర్మాగారము ప్రారంభమై, అక్టోబరులో అక్కడి తొలి క్షిపణులు బయలుదేరినవి. దేశములోని పెద్దవియు చిన్నవియునగు పెక్కు పరిశ్రమలు భాగములను చేసి పంపుచున్నవి.

2022 జనవరి 28వ తేదీన ఫిలిప్పీన్స్ దేశము సుమారు 37 కోట్ల 50 లక్షల డాలర్లకు ఈ క్షిపణులను కొనుటకు ఒప్పందము చేసికొన్నది. తొలి విడత 2024 ఏప్రిలులో వారికి చేరినది. కుర్సురా వంటి వాటిని కొనితెచ్చుకొన్న దేశము తాను భాగస్వామియై చేసిన ఆయుధమును మరియొకరికి అమ్ము స్థితికి వచ్చుటకు అర్ధశతాబ్దము పట్టినది.

పొత్తులోని చిక్కులు

మంచినే చెప్పి చెడుగును దాచిన పాఠము అసంపూర్ణము.

భాగస్వామికి ముందే యున్న బాధ్యతలు మనకును చుట్టుకొనును. క్షిపణి విద్య ప్రపంచమున వ్యాపింపకుండుటకై 1987లో కొన్ని దేశములు ఒక కట్టుబాటు చేసికొన్నవి. అయిదు వందల కిలోగ్రాముల బరువును మూడువందల కిలోమీటర్లకు మించి మోయగల క్షిపణులను ఇతరులకు ఇవ్వరాదని దాని సారాంశము. రష్యా ఆ కట్టుబాటులోనిది, మనము కాము. ఆ కారణమున బ్రహ్మోస్ పరిధిని 290 కిలోమీటర్లకు పరిమితము చేయవలసివచ్చినది. 2016 జూన్‌లో మనమును ఆ కూటమిలో చేరిన తరువాతనే పరిధిని పెంచుటకు దారి యేర్పడినది. అట్లే మూడవ దేశమునకు అమ్మవలెనన్న ఇరువురి సమ్మతియు కావలెను. పొత్తులో చేరు ముందు ఎదుటివాని పాతబాకీలను విచారించవలెనను నీతి ఇందు కలదు.

రెండవది, ఆయుధము ఆటవస్తువు కాదు. 2022 మార్చి 9వ తేదీన మన క్షిపణి యొకటి పొరపాటున వెలువడి పాకిస్తాన్ నేలపై మియా చన్నూ వద్ద పడినది. ప్రాణనష్టము లేకపోవుట అదృష్టము. మన ప్రభుత్వము పొరపాటును ఒప్పుకొని విచారము తెలిపి, విచారణ జరిపి, ఆ ఆగస్టులో ముగ్గురు వాయుసేనాధికారులను ఉద్యోగమునుండి తొలగించినది. యంత్రమెంత గొప్పదైనను దానిని నడుపు మనిషి నియమము తప్పిన ప్రమాదము తప్పదు. 2025 మే నెలలో జరిగిన ఆపరేషన్ సిందూర్‌లో బ్రహ్మోస్ పాత్రను ప్రభుత్వము తరువాత బహిరంగముగా తెలిపినది. ఆయుధము ప్రయోగింపబడిన చోట ఏ పక్షముననైనను మనుష్యులుందురు. దానిని ప్రయోగింపవలసిన అగత్యము రాకుండుటయే దాని అత్యుత్తమ ప్రయోజనమని మేము నమ్ముచున్నాము.

పంచాయతీలకు దీనివలన తెలియునదేమి?

దేశరక్షణ కేంద్రప్రభుత్వపు బాధ్యత. అందు పంచాయతీకి అధికారము లేదు. కాని పెద్ద సంస్థతో పొత్తు కలియుట యెట్లను ప్రశ్న మన పంచాయతీల ముందు తరచుగా వచ్చుచున్నది. పరవాడ వంటి చోట్ల గ్రామము భూమిని, నీటిని, దారిని ఇచ్చును. సంస్థ పనిని, పన్నును, ధనసహాయమును ఇచ్చును. ఇదియు నొక పొత్తే. దీనికి వర్తించు నాలుగు విషయములను క్రింద చెప్పుచున్నాము.

మొదటిది, మాట కాగితముపై నుండవలెను. ఉద్యోగములిత్తుము, బడి కట్టింతుము, నీరు తెత్తుము అను సభావాగ్దానములు కాలము గడచినకొలది కరగిపోవును. ఏ పని, ఎవరు, ఏ తేదీలోపల అను మూడు మాటలు గ్రామసభ తీర్మానములో వ్రాసి, అవతలివారి జవాబును పంచాయతీ దస్తరములో భద్రపరచవలెను. భూసేకరణకు 2013వ సంవత్సరపు చట్టము ఆధారము. గ్రామముపై పడు ప్రభావమును ముందుగా పరిశీలించుటకు అందు ఏర్పాటు కలదు. అయితే మన రాష్ట్రము 2018లో చేసిన సవరణవలన కొన్ని తెగల ప్రాజెక్టులకు మినహాయింపు వచ్చినది. తమ గ్రామమునకు సంబంధించిన ప్రాజెక్టు ఏ తెగలో చేరునో అధికారులను వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుట సభ్యుల విధి.

రెండవది, ధనముకంటె విద్యలో వాటా గొప్పది. పరిహారపు సొమ్ము పెండ్లికో, ఇంటికో వ్యయమైన తరువాత మిగులునది చేతిపనియే. ఉక్కు కర్మాగారపు దినములలో విద్య చిక్కిన కుటుంబమునకును, చిక్కని కుటుంబమునకును నేడు గల భేదమును పెద్దలే చెప్పగలరు. అప్రెంటిసుల చట్టము 1961 నాటిది. దాని క్రింద నేడు అమలులోనున్న నియమముల ప్రకారము, 30 మంది గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థ, తన పనివారి సంఖ్యలో 2.5 శాతమునుండి 15 శాతము వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. ఊరిలో ఐ.టి.ఐ. చదివిన బాలబాలికల పట్టికను పంచాయతీ సిద్ధపరచి, చుట్టుప్రక్కల సంస్థలకు ప్రతి సంవత్సరము పంపుట ఖర్చులేని పని. బాలికల పేరులు ఆ పట్టికనుండి జారిపోకుండ చూడవలెను. విశాఖలో నౌకాదళపు పరిశోధనాలయము, హిందుస్తాన్ షిప్‌యార్డు, నీటిలోపలి ఆయుధములను తయారుచేయు భారత్ డైనమిక్స్ శాఖ ఉన్నవి. వీటికిని, వీటికి భాగములందించు చిన్న పరిశ్రమలకును నిపుణులైన వెల్డర్లు, యంత్రముపై లోహము చెక్కువారు, విద్యుత్పనివారు అవసరము.

మూడవది, సంస్థలనుండి రావలసినదానిని అడుగుటకు లెక్క తెలియవలెను. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ప్రకారము నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికరలాభములో కనీసము 2 శాతమును సమాజహితమునకు వ్యయము చేయవలెను. అందును తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెను. ఇది దానము కాదు, చట్టము విధించిన బాధ్యత. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో మంచినీటి పథకమో, ప్రాథమిక వైద్యశాలకు పరికరములో, శిక్షణశాలయో అంచనాలతో సిద్ధముగా నుండిన అడుగుట సులభము. అంచనా లేక అడిగిన కోరిక ఉత్సవపు పందిరితోను, బెంచీలతోను తీరిపోవును.

నాలుగవది తీరగ్రామములకు ప్రత్యేకముగా చెప్పవలసినది. బంగాళాఖాతములో క్షిపణి పరీక్షలు జరుగునపుడు ఏయే తేదీలలో ఏయే భాగములకు పోరాదో ముందుగా హెచ్చరికలు వెలువడును. చాందీపురములో పరీక్షకు ముందు చుట్టుప్రక్కల పల్లెలవారిని తాత్కాలికముగా వేరుచోటికి చేర్చి, నష్టపరిహారమిచ్చు పద్ధతి యున్నది. ఇట్టి హెచ్చరిక మత్స్యశాఖనుండి గాని, రెవెన్యూ అధికారులనుండి గాని వచ్చిన వెంటనే దండోరా వేయించి, పడవ యజమానులకు తెలిపి, సముద్రముమీద నున్నవారికి కబురు చేరవేయుట పంచాయతీ పని. కాగితము కార్యాలయములోనే యుండి పడవ సముద్రములో నుండిన ఆ హెచ్చరిక వ్యర్థము. ఒకనాటి వేట పోయిన జాలరి యింట ఆ పూట పొయ్యి వెలుగుట కష్టమగును. అట్టివారి పేరులును, వారు కోల్పోయిన దినములును వ్రాసియుంచినగాని పరిహారము అడుగుటకు ఆధారముండదు.

ముగింపు

రెండు దేశముల పొత్తు ఇన్నాళ్ళు నిలుచుటకు వాటాలు తేటపడుట, పని పంచుకొనుట, కొనువారు ముందే యుండుట, నానాటికి మనవారు విద్య నేర్చుకొనుట అను నాలుగు కారణములు కనబడుచున్నవి. వీటిలో చివరిది లేని యెడల మనము ధనమిచ్చి యూరకుండు భాగస్వాములముగానే మిగిలియుందుము. భూమి నిచ్చిన గ్రామమునకును ఇదే వర్తించును. సంస్థ గేటు ముందు నిలిచి కూలికై అడుగు గ్రామమునకు వచ్చు వాటా చిన్నది. తన పిల్లలను విద్యతో ఆ గేటు లోపలికి పంపు గ్రామపు వాటా ఏటేటా పెరుగును.

గ్రామసభలో చర్చకు ప్రశ్నలు

1. కొనుట, కట్టించుకొనుట, కలిసి చేయుట అను మూడింటికి మీ గ్రామములోని ఉదాహరణములను చెప్పుడు.

2. మీ గ్రామములో చెడిపోయిన ఉమ్మడి ఆస్తి యొకదానిని తీసికొనుడు. ఏ బాధ్యత ఎవరిదో వ్రాసియుండెనా? ఇప్పుడైనను ఎట్లు వ్రాయవచ్చును?

3. మీ చుట్టుప్రక్కల సంస్థలు గడచిన అయిదేండ్లలో గ్రామసభకు చేసిన వాగ్దానములెన్ని? వాటిలో వ్రాతమూలకముగా నున్నవెన్ని?

4. మీ పంచాయతీలో ఐ.టి.ఐ. లేక పాలిటెక్నిక్ చదివిన యువతీయువకుల పట్టిక కలదా? లేనిచో ఏ తేదీలోపల, ఎవరు సిద్ధపరతురు?

5. సముద్రపు హెచ్చరిక వచ్చిన గంటలోపల మీ గ్రామములోని ప్రతి పడవకును కబురు చేరుటకు ఏర్పాటు కలదా?